ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావ్ అంటే ఏటి చెప్పాల?

మొన్నొక ఆదివారం నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకున్నాను, ఇలా కన్ను మూతపడిందో లేదో ఫోను. మా అప్ప కొడుకు. "మావయ్యా, పడుకున్నావేటి?" అన్నాడు. పడుకున్నోడిని లేపి మరీ ఆ మాట అడగడం మా ఇంటా వంటా ఉన్నదే గనక ఏమీ అనలేదు. సంగతేటంటే వాడిది ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోనాది, పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ నుంచి క్యూసీ (మందు నాణ్యత పరీక్షించే ల్యాబు) ట్రైనీకి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, శనివారం రమ్మన్నారు. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏమేమి ఎంతున్నాయో విడదీసి కొలిచే మిషను, దాని మీద ఏది అడిగినా చెప్పీగలడంట, బఫర్లు, కాలమ్‌లు, బీర్ లాంబర్ట్ లా అన్నీ నోటికొచ్చంట, భయమల్లా ఒక్కదానికే.

"లాంగ్ టర్మ్ గోల్స్ ఏటని అడుగుతారంట కదా, దానికేటి చెప్పాల?"

"నీ మనసులో ఏటుందో అదే చెప్పు" అన్నాను నిద్రమత్తులో.

"అది చెప్తే ఉద్యోగం ఇస్తారేటి?"

దాంతో నా నిద్ర ఎగిరిపోనాది.

వాడి మనసులో ఏముందో నాకు తెలుసు, మా అప్పకి తెలుసు, ఆ వీధిలో పాలు పోసే ఆవిడకి కూడా తెలుసు. గ్రూప్ 2. మా వైపు డిగ్రీ చదివిన కుర్రాడు ఏ పనిలో ఉన్నా ఒక చెవి నోటిఫికేషన్ వైపు పడేసే ఉంచుతాడు, అది తప్పని నేను అనను, 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చినప్పుడు మా అప్ప వాళ్ళ వీధిలోనే ఇద్దరికి టీచరు ఉద్యోగాలొచ్చేయి, వాళ్ళు పంచిన స్వీటు రుచి ఆవిడ ఇంకా మర్చిపోలేదు, వారానికోసారి కొడుక్కి గుర్తు చేస్తాది. కానీ ఒకటి గమనించండి, ఆ డీఎస్సీకి ఇంటర్వ్యూ లేదు, గ్రూప్ 2కి ఇంటర్వ్యూ లేదు, కేంద్రంలో కూడా గ్రూప్ సీ ఉద్యోగాలకి 2016 జనవరి నుంచి ఇంటర్వ్యూలు తీసేసేరు. అంటే మా పిల్లలు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు వచ్చే దాకా మార్కులెన్ని, ర్యాంకెంత, కటాఫ్ ఎంత అన్న ప్రశ్నలకే జవాబులు చెప్తా పెరుగుతారు, నీకేం కావాల్రా అని అడిగినోడు ఇంట్లో లేడు, కాలేజీలో లేడు. మొదటిసారి అడిగేది ఏసీ గదిలో ముక్కూ మొహం తెలీని హెచ్ఆర్. అదీ ఇంగ్లీషులో. తెల్లమొహం వేస్తారంటే వెయ్యరా మరి.

నేనూ వేసేను. 2011లో.

అప్పట్లో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో "ఇంటర్వ్యూలో అడిగే 50 ప్రశ్నలు" అని నాలుగు పేజీలు కుట్టి పది రూపాయలకి అమ్మేవోడు. ఎవరు రాసేరో దేవుడికెరక, సగం అక్షరాలు మసి. అందులో ఈ ప్రశ్నకి జవాబు ఇంగ్లీషులో ఆరు లైన్లుంది, ఐదేళ్ళలో టీమ్ లీడర్‌నవుతాను, సంస్థ ఎదుగుదలే నా ఎదుగుదల, ఇలాంటివి. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కి సికింద్రాబాద్ దాకా రాత్రంతా అదే బట్టీ, మధ్యలో ఎవరో ముసలాయన "ఏటి బావు, మంత్రం జపిస్తన్నావా" అని కూడా అడిగేడు. పొద్దున్నే దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని, జీడిమెట్ల వెళ్ళి ఒక కంపెనీలో కూర్చున్నాను. టెక్నికల్ బాగానే అయ్యింది. తర్వాత అద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన ఆ ప్రశ్న అడిగేడు, నేను గడగడా ఆరు లైన్లూ అప్పజెప్పీసేను. ఆయన అంతా విని, పెన్ను కింద పెట్టి, తెలుగులో "టీమ్ లీడర్ పొద్దున్నే ల్యాబుకొచ్చి మొదట ఏం చేస్తాడు?" అన్నాడు.

నాకేటి తెలుసు. నేను అప్పటికి టీమ్ లీడర్ అన్న ప్రాణినే చూడలేదు.

ఆయనే కాసేపాగి, ఏ ఊరు అన్నాడు, శ్రీకాకుళం సార్ అన్నాను, "సంక్రాంతికి ఊరెళ్తే ఎన్నాళ్ళకొస్తావ్?" అన్నాడు. నాలుగు రోజులు సార్ అన్నాను. నవ్వేడు. నాలుగు రోజులకి వచ్చిన శ్రీకాకుళపోడిని ఆయనెప్పుడూ చూసి ఉండడు. ఉద్యోగం రాలేదు. కానీ తిరుగు రైల్లో కూర్చున్నాక నాకు వెలిగింది ఏటంటే, ఆయన మొదట ఇంగ్లీషులో అడిగిందీ, ఆఖర్న తెలుగులో అడిగిందీ ఒకటే ప్రశ్న. ఉంటావా, పోతావా?

ఎందుకలా అడుగుతారో ల్యాబులో చేరేక గానీ అర్థం కాలేదు. (మొదటి ఉద్యోగం ఇంకో కంపెనీలో, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని రెండేళ్ళు ఇవ్వలేదు వాళ్ళు, ఆ ఏడుపు ఇంకో రోజు ఏడుస్తాను.) కొత్తగా వచ్చిన కెమిస్టుకి మొదటి రోజే సాంపిల్ ఇచ్చీసి ఎనాలసిస్ చెయ్యమనరు. ముందు ఎస్ఓపీలన్నీ (ఏ పని ఎలా చెయ్యాలో రాసుంచిన కాగితాలు) చదివి సంతకాలు పెట్టాల, తర్వాత బ్యాలెన్స్ మీద తూకం వెయ్యడం నుంచి నేర్పుతారు, తర్వాత సీనియర్ ఆల్రెడీ చేసిన సాంపిల్‌నే వీడి చేత మళ్ళీ చేయించి ఇద్దరి రిజల్టూ దగ్గరగా వచ్చిందా లేదా చూస్తారు. ఒక్కో టెక్నిక్‌కి ఇదే తంతు. దాన్నే ఎనలిస్ట్ క్వాలిఫికేషన్ అంటాం. ఇదంతా అయ్యి, మనిషి సొంతంగా మిషన్లో సాంపిళ్ళ వరస (సీక్వెన్స్) వేసి, ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణాన్ని ఆరుసార్లు మిషన్లోకి ఎక్కించి, ఆ ఆరు రీడింగుల మధ్య తేడాని చెప్పే ఆర్ఎస్‌డీ రెండు శాతం లోపు వచ్చిందని చూసుకుని ధైర్యంగా రన్ మొదలుపెట్టేసరికి నెలలు పడతాది. అప్పుడు ఆ మనిషి "సార్, రిజైన్ చేస్తన్నాను" అంటే నేర్పినోడికి కడుపు మండుతాది కదా. అందుకు అడుగుతారు. అంతే తప్ప మన కలల మీద వాళ్ళకేమీ సరదా లేదు.

2014లో ఊరికి దగ్గరగా ఉందామని పైడిభీమవరం వచ్చీసేను. ఇక్కడి ఇంటర్వ్యూలో ల్యాబ్ హెడ్ మళ్ళీ అదే అడిగేరు. ఈసారి బట్టీ లేదు. "సార్, మా ఊరు ఆమదాలవలస దగ్గర, అమ్మా నాన్నా ఇక్కడే ఉన్నారు గనక ఈ ప్రాంతం వదిలి పోవాలని లేదు. ఇప్పటిదాకా రొటీన్ ఎనాలసిసే చేసేను, మెథడ్ వేలిడేషన్ దగ్గరికి రానివ్వలేదు, అది నేర్చుకోవాలి, తర్వాత అందులోనే ఒక నలుగురికి నేర్పే స్థాయికి వెళ్ళాలి" అన్నాను. (మెథడ్ వేలిడేషన్ అంటే పరీక్ష చేసే పద్ధతి నమ్మదగ్గదేనని రుజువు చెయ్యడం.) ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని లినియారిటీ ఎలా చేస్తావ్, రోబస్ట్‌నెస్‌లో ఏం మారుస్తావ్ అని పావుగంట పీకేరు. గోల్ గురించి మొదలైన మాట పనిలోకి దిగిపోనాది. అప్పుడే అనుకున్నాను ఇది వచ్చీసినట్టే అని. జాయిన్ అయిన నెలకే హుద్‌హుద్ వచ్చింది, అక్టోబర్ 12, కరెంటు లేదు, బస్సు లేదు, ఆ కథ వేరు.

ఐదేళ్ళ ప్లాన్ అన్న మాట వింటే నాకు ఇంటర్వ్యూల కన్నా ముందు మా మావ గుర్తొస్తాడు, మా ఆవిడ నాన్న. వాళ్ళది ఉద్దానం. 2018 అక్టోబర్ 11న తిత్లీకి వాళ్ళ కొబ్బరి తోట సగానికి పైగా పడిపోనాది, జీడి చెట్లు వేళ్ళతో లేచిపోనాయి, వెళ్ళి చూస్తే తోటలోంచి అవతల ఊరు కనిపిస్తంది, అంతకుముందు ఎన్నడూ కనిపించనిది. మరుసటేడు ఆయన మళ్ళీ కొబ్బరి మొక్కలు పెడతన్నాడు, అప్పటికే అరవై దాటేయి. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. "ఇప్పుడివి కాసేదెప్పుడు మావా" అన్నాను గట్టు మీద నిలబడి. "బోండాలు నువ్వు తాగుదువు గాని, ముందా గునపం ఇలాతే" అన్నాడు. ఆయన్ని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. నాలుగేళ్ళుగా నన్ను కూడా టెక్నికల్ రౌండులో కూర్చోబెడుతున్నారు. బల్లకి ఇటువైపు నుంచి చూస్తే ఈ జవాబులు ఎలా వినిపిస్తాయో చెప్తాను.

పదిమందిలో ఆరుగురు ఆ జిరాక్స్ కాగితమే చెప్తారు, ఇప్పుడది యూట్యూబ్‌లో వస్తంది అంతే తేడా. ఒకరిద్దరు "మీ కుర్చీలో ఉంటాను సార్" అంటారు, ఎవడు నేర్పేడో గానీ దీన్ని గొప్ప ధైర్యం అనుకుంటారు, నా కుర్చీకి ఒక చక్రం విరిగిపోయి ఏడాదైంది, మెయింటెనెన్స్ వాళ్ళకి మూడుసార్లు చెప్పేను, కావాలంటే ఇప్పుడే తీసుకెళ్ళు నాన్నా అనాలనిపిస్తాది. ఇంకొకరు అదేదో మేనేజర్, డైరెక్టర్ దాకా వెళ్ళిపోతారు. మధ్యలో ఏముందో తెలీదు. ట్రైనీ తర్వాత కెమిస్ట్, ఎగ్జిక్యూటివ్, సీనియర్ ఎగ్జిక్యూటివ్, ఆ తర్వాత అసిస్టెంట్ మేనేజర్, పేర్లు కంపెనీకో రకం గానీ మెట్లు ఇంచుమించు ఇవే. పైకి వెళ్ళడమే కాదు, పక్కకి కూడా వెళ్ళొచ్చు. డాక్యుమెంట్ల మీద ఓపికున్నోళ్ళు క్యూఏకి పోతారు, కొత్త మెథడ్ కనిపెట్టడం సరదా ఉన్నోళ్ళు ఏఆర్‌డీకి, ఇంగ్లీషు బాగా రాసేవాళ్ళు రెగ్యులేటరీకి వెళ్ళి, మందు ఎలా తయారవుతాదో ప్రభుత్వ సంస్థలకి చెప్పే డీఎంఎఫ్ ఫైళ్ళు చూసుకుంటారు. వీటిలో ఒక్క ముక్క తెలుసుకుని వచ్చి "నాకు క్యూసీలో రెండు మూడేళ్ళు గట్టిగా చేసి తర్వాత రెగ్యులేటరీ వైపు వెళ్ళాలనుంది" అన్న పిల్ల గానీ పిల్లాడు గానీ ఎదురుగా కూర్చుంటే మాకు ఎంత హాయిగా ఉంటాదో. వెళ్ళిపోతానంటన్నాడు కదా అని ఎవరూ కోప్పడరు. పక్క డిపార్ట్‌మెంటే కదా, ఎక్కడికి పోయినా మా మనిషే.

అలాగని మేమేదో గొప్పగా అడుగుతామని కాదు. మా ల్యాబు పక్కన స్టెబిలిటీ చాంబర్లు ఉంటాయి, పెద్ద బీరువాల్లాగ. కొత్త ప్రొడక్టు బ్యాచ్‌లు కొన్ని 40 డిగ్రీల వేడిలో 75 శాతం తేమలో ఆరు నెలలు పెడతాం, కొన్ని 25 డిగ్రీలు, 60 శాతం తేమలో ఏళ్ళ తరబడి ఉంచుతాం, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి బయటకి తీసి టెస్ట్ చేస్తాం, ఇది ఎంత కాలం చెడకుండా ఉంటాది అని రాయడానికి ఇంత డేటా కావాల. డేటా లేకుండా ఐదేళ్ళని రాసేస్తే ఆడిట్‌కి వచ్చిన ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు ఊరుకుంటారేటి. మందు బిళ్ళ విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మేమే, ఇరవై మూడేళ్ళ కుర్రాడిని పట్టుకుని ఐదేళ్ళకి నువ్వేమవుతావో నిమిషంలో చెప్పు అంటాం. వాడి దగ్గర జీరో మంత్ డేటా (చాంబర్లో పెట్టే ముందు తీసే మొదటి రీడింగు) కూడా ఉండదు.

అమ్మాయిలకైతే ఈ ప్రశ్న ఇంకో వేషంలో వస్తాది. ఒకసారి విజయనగరం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, నెల్లిమర్ల దగ్గర ఊరు. గోల్స్ అడిగితే, ఇంప్యూరిటీల (మందులోని మలినాల) మీద పని చెయ్యాలనుంది, ప్రాజెక్టులో కొంత చేసేను అని చాలా స్పష్టంగా చెప్పింది, ఆ వారంలో నేను విన్న జవాబుల్లో అదే మేలైనది. నా పక్కన కూర్చున్నాయన ఆ మాట విన్నట్టే లేదు, "పెళ్ళెప్పుడు? మీ ఆయనది వేరే ఊరైతే ఏం చేస్తారు?" అన్నాడు. అదే రోజు అంతకుముందు వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళలో ఒక్కడినీ అడగలేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఫైలు వైపు చూసి "ఇంకా తెలీదు సార్" అంది. నేను పెన్ను క్యాప్ తీస్తన్నాను, పెడతన్నాను. అంతే చేసేను. షీటులో నా వంతు మార్కులు బాగానే వేసేను గానీ చివరి కాలమ్‌లో హోల్డ్ అని పడింది, హోల్డ్ అంటే మా దగ్గర అర్థం అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఎవరైనా ఆ దారి పడితే వెంటనే బఫర్ పీహెచ్ గురించి ఏదో ఒకటి అడిగి మాట మళ్ళించీస్తాను. పెద్ద ధైర్యమేమీ కాదు. ఆ రోజు అది కూడా చెయ్యలేదు.

ఇంక గ్రూప్ 2 మాట. చెప్పాలా వద్దా అని మావాడు నన్ను నిలదీసింది దీని గురించే. మేము తెలుసుకోలేమని వీళ్ళనుకుంటారు గానీ, 2024 ఫిబ్రవరి 25, ఆదివారం, గ్రూప్ 2 ప్రిలిమ్స్, ఆ రోజు మా ల్యాబులో వచ్చినన్ని జ్వరాలు కరోనాలో కూడా రాలేదు. షిఫ్టు చార్టు చూస్తే ఎవరెవరు రాస్తన్నారో లిస్టు కట్టొచ్చు. సోమవారం వచ్చి "ఒంట్లో ఎలా ఉంది" అంటే "కటాఫ్ ఎక్కువ ఉంటాదంట సార్" అన్నోడు కూడా ఉన్నాడు, అలవాటులో నోరు జారీసేడు. కాబట్టి నా లెక్క ఇది. అడక్కపోతే నువ్వుగా ఎత్తకు, అది నీ సొంత విషయం. అడిగితే మాత్రం లేదనకు. ఎందుకంటే లేదని చెప్పినోడు నెలరోజుల్లో దొరికిపోతాడు, తర్వాత వాడు రిజల్ట్ నిజంగా తెచ్చినా సూపర్‌వైజర్ రెండుసార్లు చూస్తాడు. మా పనంతా డేటా నమ్మకం మీద నడిచేది, గ్రాఫులో ఒక్క పీక్‌ని దాచినోడు ఇంకోటి దాచడని గ్యారంటీ ఏంటి. ఇది నా ఒక్కడి అభిప్రాయం, మా మేనేజర్ ఒప్పుకోడు, రాస్తన్నానని చెప్పినోడిని ఆయన తీసుకోడు, ఆ ముక్క కూడా మావాడికి చెప్పేను. రిస్కు రిస్కే.

గురువారం సాయంత్రం వాడు మా ఇంటికొచ్చేడు. మా ఆవిడ ఉప్మా పెట్టింది. ఇంగ్లీషు తర్వాత చూద్దాం, ముందు మీ అమ్మకి ఫోన్ చేసి తెలుగులో చెప్పు అన్నాను. వాడు సిగ్గుపడతా స్పీకర్ పెట్టి, "అమ్మా, నేను మూడేళ్ళు ల్యాబులో గట్టిగా పని నేర్చుకుంటాను, తర్వాత స్టెబిలిటీ సెక్షనో, వేలిడేషనో అడుగుతాను, పై ఊరు పోను" అన్నాడు. అట్నుంచి ఒక్క సెకను నిశ్శబ్దం. తర్వాత "మరి గవర్నమెంటో?" అంది మా అప్ప. "అదీ రాస్తానే" అన్నాడు. నేను చప్పట్లు కొట్టేను, ఇదే, ఇంగ్లీషులో కూడా ఇంతకి మించి ఒక్క ముక్క కలపకు అన్నాను. అప్పటికీ రెండుసార్లు "సంస్థ ఎదుగుదల" అని దూర్చబోయేడు, ఉప్మా ప్లేటు లాక్కుంటాను అన్నాను.

శనివారం మధ్యాహ్నం బస్సులోంచే ఫోను.

"అడిగేరా?"

"అడిగేరు మావయ్యా. అనుకున్నట్టే చెప్పేను. స్టెబిలిటీ అన్నాక పాయింట్లు ఎన్ని నెలలకి తీస్తారు అన్నారు, చెప్పేను. తర్వాత గ్రూప్స్ రాస్తన్నావా అని అడిగీసేరు."

"ఏటన్నావ్?"

"రాస్తన్నాను సార్, మొన్న ప్రిలిమ్స్ పోయింది అన్నాను. అందులో పెద్దాయన నవ్వి, మా అబ్బాయిది కూడా పోయింది అన్నారు."

ఆ నవ్వు మంచికో చెడ్డకో నేనిప్పటికీ చెప్పలేను. చివర్లో ఏ ఊరి నుంచి వస్తావ్, మా బస్సు మీ స్టాపులో ఆగదు, ఏడు రోడ్ల జంక్షన్‌కి ఐదు గంటలకల్లా రాగలవా అని అడిగేరంట, రాగలనన్నాడంట. కబురు చేస్తాం అన్నారు. ఇది రాస్తున్న రోజుకి ఇంకా ఏ కబురూ లేదు.

మా అప్ప మాత్రం రోజూ ఫోన్ చేస్తంది. నిన్న రాత్రి కూడా. అరసవిల్లి వెళ్ళొచ్చిందంట. "ఐదేళ్ళ సంగతి తర్వాత చూద్దాం గాని తమ్ముడూ, ఒకటో తారీకు నుంచి రమ్మంటారేటి, కాస్త బేగి కనుక్కో, వాడికి క్యారేజీ కొనాల."

"క్యాంటీన్ ఉంటాది అప్పా" అన్నాను.

"క్యాంటీన్ కూడేటి తింటాడు" అని పెట్టీసింది.